అక్క చిన్నపిల్ల, తమ్ముడు పెద్దమనిషి: పిల్లల నేరాల చట్టంలో వయసు లెక్క ఎన్నిసార్లు మారింది?

కల్వకుర్తి దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. "మా అక్క కొడుక్కి 17 నిండి రెండు నెలలు. ఇంటర్ సెకండియర్. 22 ఏళ్ల దోస్తుతో కలిసి బైకు ఎత్తుకెళ్లాడని పోలీసులు పట్టుకున్నారు. స్టేషన్ బయట ఒకాయన 'పదహారు దాటింది గదా, నిర్భయ కేసు తర్వాత పెద్దోళ్ల లెక్కనే' అన్నాడు. మా బావ పుణె నుంచి ఫోన్ చేసి 'పిలగాండ్లకు ఏం గాదు, రేపు ఇడిసిపెడ్తరు' అంటున్నాడు. మా తాతేమో 'ఎనుకట గిట్ల చేస్తే సీదా జైల్లనే ఏసేటోళ్లు' అంటాడు. ఎవరి మాట నిజం? ఈ చట్టం ఇన్నిసార్లు ఎందుకు మారింది?"

తమ్ముడూ, ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరు ఒక్కో కాలం నాటి చట్టం చెప్పారు, అంతే. ముందు నీ టెన్షన్ తగ్గించే మాట: మామూలు బైకు దొంగతనం కేసులో మీ మేనల్లుడిని పెద్దవాళ్లతో పాటు విచారించే దారి చట్టంలో లేదు. అలాగని మీ బావ అన్నట్టు రేపు వదిలేసి కేసు మరిచిపోతారనీ అనుకోవద్దు. చేయాల్సిన పనులు చివర చెప్తాను. నల్లగొండ కోర్టులో ముప్పై ఏళ్లకు పైగా వకీలుగా ఉన్నాను, మధ్యలో కొన్నేళ్లు పిల్లల నేరాల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డులో సభ్యుడిగా కూర్చున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మీ తాత మాటతో మొదలుపెడదాం. ఇంగ్లీషోళ్ల పాలనలో 1850లోనే అప్రెంటిస్ చట్టం ఒకటి వచ్చింది. చిన్న తప్పు చేసిన పిల్లలను, దిక్కులేని పిల్లలను జైలుకు పంపకుండా ఎవరి దగ్గరో పని నేర్చుకోవడానికి కట్టేయొచ్చు అన్నది దాని సారం. 1860లో వచ్చిన ఐపీసీ, 7 ఏళ్లలోపు పిల్లవాడు ఏం చేసినా నేరం కాదంది. 7 నుంచి 12 మధ్య అయితే వాడికి తెలివిడి ఎంత ఉందో చూడాలంది. ఆ రెండు అంకెలూ ఇప్పటికీ కదల్లేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అవే ఉన్నాయి. తర్వాత 1876లో రిఫార్మేటరీ బడుల చట్టం, 1897లో దాని మార్పు. శిక్ష పడ్డ మగపిల్లలను జైల్లో కాకుండా బడిలాంటి చోట ఉంచొచ్చన్నారు. 1919-20లో జైళ్ల కమిటీ, పిల్లలను పెద్ద ఖైదీలతో కలపొద్దని, వాళ్లకు వేరే విచారణ ఉండాలని గట్టిగా చెప్పింది. ఆ వెంటనే 1920లో మద్రాసు పిల్లల చట్టం వచ్చింది, దేశంలో అదే మొదటిది. తర్వాత బెంగాల్, బొంబాయి.

ఇవన్నీ కృష్ణకు అవతలి సంగతి. మాచర్లలో తప్పు చేసిన పిల్లవాడికి 1920 నుంచే మద్రాసు చట్టం ఉంది. ఏరు దాటి ఇవతలికి వస్తే నిజాం రాజ్యం. ఇక్కడ ఆ చట్టాలు నడవవు. మా సీనియర్ వకీళ్లు సెక్షన్ అనేవాళ్లు కాదు, 'దఫా' అనేవాళ్లు. ఉర్దూ కోర్టుల వాసన చాలా రోజులు పోలేదు. హైదరాబాద్ రాష్ట్రానికి ఐపీసీ వచ్చిందే 1951లో. హైదరాబాద్ పిల్లల చట్టం కూడా అదే ఏడాదిది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఒకే రాష్ట్రంలో ఆంధ్ర ప్రాంతానికి 1920 నాటి పిల్లల చట్టం, తెలంగాణ ప్రాంతానికి 1951 నాటి పిల్లల చట్టం అని రెండు నడిచాయి. అయితే చట్టం పుస్తకంలో ఉండడం వేరు, పిల్లవాణ్ని పెట్టడానికి వేరే ఇల్లు, విచారించడానికి వేరే కోర్టు ఉండడం వేరు. జిల్లాల్లో ఆ రెండోది లేక పిల్లలు సబ్‌జైళ్లలోనే ఉండేవాళ్లు. మీ తాత చూసింది అదే. ఆయన చెప్పింది కళ్లతో చూసిన మాటే.

దేశం మొత్తానికి ఇదే గతి. 1960లో కేంద్రం ఒక చట్టం చేసింది గానీ అది కేంద్రపాలిత ప్రాంతాలకే. రాష్ట్రానికో చట్టం, చట్టానికో వయసు. జైళ్లలో మగ్గుతున్న పిల్లల మీద షీలా బర్సే అనే జర్నలిస్టు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1986లో ఆ కేసులోనే కోర్టు, రాష్ట్రానికో చట్టం కాకుండా పార్లమెంటే ఒక్క చట్టం తేవాలంది. అదే ఏడాది జువైనల్ జస్టిస్ చట్టం వచ్చింది, 1987 అక్టోబర్ 2 నుంచి అమలు. దాంతో ఏ రాష్ట్రంలోనైనా పిల్లవాణ్ని జైలుకు గానీ పోలీసు లాకప్‌కు గానీ పంపకూడదన్నది దేశమంతటికీ ఒకే మాట అయింది.

కానీ ఆ చట్టంలో ఒక తిరకాసు ఉంది. మగపిల్లవాడైతే 16 లోపు, ఆడపిల్లైతే 18 లోపు ఉంటేనే 'జువైనల్'. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలినాళ్లలో ఒక కేసు వచ్చింది. ఒక ఇంట్లో పనికి ఉన్న అక్కాతమ్ముడు. ఇంట్లో సొమ్ములు పోయాయని ఇద్దరి మీదా కేసు. అక్కకు 17, తమ్ముడికి 16 దాటి ఆరు నెలలు. చట్టం లెక్కన అక్క చిన్నపిల్ల, తమ్ముడు పెద్దమనిషి. ఆమె జువైనల్ కోర్టుకు, వాడు సబ్‌జైలుకు. వాళ్లమ్మ కోర్టు మెట్ల మీద కూర్చుని నన్ను అడిగింది: "గిదేం లెక్క సారూ? నా కడుపున పుట్టినోళ్లల్ల ఎవరు పెద్ద, ఎవరు చిన్న నాకు తెల్వదా?" నేను దఫా నంబరు చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే నాకూ కాలేదు. వాడు నలభై రోజులు లోపల ఉండి వచ్చాడు. పోయేటప్పుడు బీడీ తాగడం కూడా రాని పిల్లవాడు, వచ్చేటప్పటికి తాళం తీయడంలో మూడు పద్ధతులు నేర్చుకుని వచ్చాడు.

ఆ తేడా పోవడానికి బయటి ఒత్తిడి కూడా సాయం చేసింది. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక వచ్చింది, 1992లో మన దేశం అందులో చేరింది. అందులో బాలలంటే 18 లోపు వాళ్లు. దాని ప్రకారం 2000లో కొత్త జువైనల్ జస్టిస్ చట్టం చేశారు, 2001 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడ, మగ తేడా లేకుండా 18. కోర్టు స్థానంలో బోర్డు: ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో ఒకరైనా మహిళ. ఎంత పెద్ద నేరమైనా గరిష్ఠంగా మూడేళ్లు స్పెషల్ హోమ్, అంటే తప్పు చేసిన పిల్లలను ఉంచే చోటు. 'ముద్దాయి', 'శిక్ష' లాంటి మాటలు వాడొద్దన్నారు. 'చట్టంతో ఘర్షణ పడ్డ బాలుడు' అనాలి. రాసేటప్పుడు బాగానే ఉంటుంది. మా బోర్డు బయట బిళ్లబంట్రోతు మాత్రం ఎన్ని రోజులు చెప్పినా "ముద్దాయి హాజర్" అనే అరిచేవాడు. నోరు అలవాటు పడింది, పాపం.

ఇక్కడి నుంచి అసలు గొడవ వయసు 16 ఉండాలా 18 ఉండాలా అన్నది కాదు. ఆ వయసు ఏ రోజు నాటికి లెక్కించాలి, ఏ కాగితం చూసి లెక్కించాలి అన్నది. ఈ ముక్క గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ, మన జిల్లాల్లో పిల్లల బతుకులు తేలేది ఇక్కడే.

నేరం చేసిన రోజు నాటి వయసు చూడాలని సుప్రీంకోర్టు 1982లోనే ఒక కేసులో చెప్పింది. 2000లో మరో బెంచి దాన్ని తిప్పి, కోర్టు ముందు హాజరుపరిచిన రోజు నాటి వయసు చూడాలంది. అంటే ఏమైందో ఆలోచించు. 17 ఏళ్ల 11 నెలలప్పుడు తప్పు చేసినవాణ్ని పోలీసులు రెండు నెలలు ఆలస్యంగా పట్టుకుంటే వాడు పెద్దవాడైపోతాడు. పిల్లవాడి రాత పోలీసుల చురుకుదనం మీద ఆధారపడుతుంది. 2005లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ప్రతాప్ సింగ్ కేసులో దాన్ని సరిచేసి, నేరం జరిగిన రోజే లెక్క అని తేల్చింది. 2006లో చట్టానికే సవరణ చేసి, మైనర్‌నన్న వాదన ఏ దశలోనైనా, తీర్పు అయిపోయాక కూడా చెప్పుకోవచ్చన్నారు.

దీని విలువ తెలియాలంటే పుణె కేసు ఒకటి చెప్పాలి. 1994లో అక్కడ ఒక ఇంట్లో ఐదుగురు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు హత్యకు గురయ్యారు. దోషుల్లో ఒకడికి ఉరిశిక్ష వేశారు. ఏళ్ల తర్వాత రాజస్థాన్‌లో వాడు చదివిన బడి రిజిస్టర్ బయటపడింది. నేరం జరిగిన రోజుకు వాడి వయసు 12 దాటి ఆరు నెలలు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు వదిలేసింది. అప్పటికి 28 ఏళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఒక బడి రిజిస్టర్‌లోని ఒక్క గీత ముందే కోర్టుకు వచ్చి ఉంటే మూడేళ్లతో పోయే సంగతి.

మరి మన బడి రిజిస్టర్లు ఎట్లుంటాయి? దేవరకొండ తండాల నుంచి వచ్చిన పిల్లల టీసీలు చూడు. సగం మంది జూన్ 1న పుట్టి ఉంటారు, మిగతా సగం జులై 1న. బడిబాట రోజుల్లో పంతులు తండాకు వెళ్తాడు, తల్లిదండ్రులు బొంబాయికి మట్టిపనికి పోయి ఉంటారు, ముసలవ్వ "కరువు పడ్డ ఏడాది పుట్టిండు సారూ" అంటుంది. పంతులు పిల్లవాణ్ని ఎగాదిగా చూసి, కుడిచేయి తల మీదుగా ఎడమ చెవికి అందుతుందో లేదో చూసి, ఒక తారీఖు రాస్తాడు. ఆయన తప్పేం లేదు, పిల్లవాడు బళ్లో పడ్డాడు, అదే గొప్ప. కానీ పదేళ్ల తర్వాత అదే తారీఖు వాడు జైలుకా, హోమ్‌కా అని తేలుస్తుంది. ఒకసారి మా బోర్డు ముందుకు వచ్చిన పిల్లవాడికి బడి లెక్కన 18 నిండి పదిహేను రోజులు, పంచాయతీ జనన రిజిస్టర్ లెక్కన 17 కూడా నిండలేదు. చట్టం ప్రకారం బడి సర్టిఫికెట్, లేదంటే టెన్త్ మెమోదే ముందు. అది లేనప్పుడే పంచాయతీ లేదా మున్సిపాలిటీ పుట్టిన సర్టిఫికెట్. రెండూ లేకపోతేనే ఎముకల ఎక్స్‌రే పరీక్ష. ఆ పరీక్ష కూడా ఏడాది, రెండేళ్లు అటూ ఇటూ చెప్తుంది తప్ప కచ్చితంగా తేల్చదు. ఆ పిల్లవాడి విషయంలో బడి అడ్మిషన్ రిజిస్టర్ అసలు తెప్పించి చూస్తే, టీసీలో ఎక్కించినప్పుడు ఏడాది తప్పుగా రాశారని తేలింది. ఆ రిజిస్టర్ చెదలు పట్టకుండా మిగిలింది కాబట్టి సరిపోయింది.

ఆధార్‌ను మాత్రం నమ్ముకోవద్దు. చాలామంది మొదట అదే తీసుకొస్తారు. ఆధార్ గుర్తింపు కాగితమే గానీ పుట్టినతేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో చెప్పింది.

ఇక స్టేషన్ బయట మనిషి చెప్పిన నిర్భయ సంగతి. 2012 డిసెంబర్ 16 నాటి ఢిల్లీ ఘటనలో ఆరుగురిలో ఒకడికి 18 నిండడానికి కొన్ని నెలలు తక్కువ. అప్పటి చట్టం ప్రకారం వాడికి పడింది మూడేళ్ల హోమ్, 2015 డిసెంబర్‌లో బయటికి వచ్చాడు. దేశమంతా మండిపోయింది. నేనూ మండిపడ్డవాణ్నే, దాచుకునేది లేదు. కానీ జస్టిస్ వర్మ కమిటీ వయసు తగ్గించొద్దంది. 2013లో సుప్రీంకోర్టు కూడా తగ్గించడానికి ఒప్పుకోలేదు. అయినా పార్లమెంటు 2015లో కొత్త చట్టం చేసింది, 2016 జనవరి 15 నుంచి అమలు. చాలామంది అనుకుంటున్నట్టు వయసును 16కు దించలేదు. వయసు 18గానే ఉంచి, మధ్యలో ఒక తలుపు పెట్టింది. నేరాలను మూడు రకాలు చేసింది: గరిష్ఠంగా మూడేళ్ల దాకా శిక్ష పడేవి చిన్నవి, మూడు దాటి ఏడేళ్ల దాకా తీవ్రమైనవి, కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవి ఘోరమైనవి. 16 నిండినవాడు ఘోరమైన నేరం చేశాడన్నప్పుడే బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది. వాడికి ఆ పని చేసే మానసిక, శారీరక శక్తి ఉందా, ఫలితం తెలుసా, ఏ పరిస్థితుల్లో జరిగింది అని చూసి, పెద్దవాడిలా విచారించాలనుకుంటే చిల్డ్రన్స్ కోర్టుకు పంపుతుంది. ఆ కోర్టు మళ్లీ చూసుకుంటుంది. అక్కడ శిక్ష పడ్డా 21 దాకా జైలు కాదు, వేరే సురక్షిత స్థలం. ఉరి ఉండదు, విడుదలకు ఆశ లేని యావజ్జీవమూ ఉండదు.

'కనీసం' అన్న మాట దగ్గర ఆగు. మన దగ్గర ఊళ్లో కొట్లాట జరిగి ఒకడి తల పగిలితే హత్యాయత్నం పెట్టేస్తారు. 'త్రీ నాట్ సెవెన్' పడిందంటే ఇంటిల్లిపాదీ వణికిపోతారు, ఇప్పుడది 109 అయింది. దానికి గరిష్ఠం పదేళ్లు, దెబ్బ తగిలితే యావజ్జీవం దాకా కూడా ఉంది గానీ, మామూలుగా కనీసం అంటూ లేదు. మరి అది ఘోరమైనదా, తీవ్రమైనదా? 2015 చట్టం ఈ సందును మరిచిపోయింది. 2020 జనవరిలో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు, కనీస శిక్ష రాయని నేరం ఘోరమైనది కాదు, తీవ్రమైనదిగానే చూడాలంది. 2021 సవరణలో పార్లమెంటు దాన్నే రాసుకుంది, 2022 సెప్టెంబర్ నుంచి అమలు. ఆ కేసు కూడా ఒక మైనర్ కారు నడిపి మనిషిని గుద్దిన కేసే. 2024 మేలో పుణెలో 17 ఏళ్ల పిల్లవాడు కారుతో గుద్ది ఇద్దరు ఇంజినీర్లు చనిపోయిన కేసులో, 300 పదాల వ్యాసం రాయమని బెయిల్ ఇచ్చారని ఎంత గోల జరిగిందో గుర్తుందా? అక్కడా పెద్దవాడిలా విచారించాలన్న పోలీసుల పిటిషన్‌ను 2025 జులైలో బోర్డు కొట్టేసింది.

పనిలో పని, మైనర్లకు బైకు ఇచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. 2019 నుంచి మోటారు వాహనాల చట్టంలో, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో ఓనర్‌కో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి 25 నిండేదాకా లైసెన్స్ రాదు. పొలానికి సద్ది పట్టుకుపోవడానికని ఇచ్చినా ఇదే లెక్క.

2015 చట్టం మీద నా అభిప్రాయం చెప్తాను, నచ్చకపోతే నచ్చలేదు అను. ఆ ప్రాథమిక అంచనా అన్నది మన జిల్లా బోర్డులు మోయలేని బరువు. ఒక మేజిస్ట్రేట్, మాలాంటి ఇద్దరు సభ్యులు కూర్చుని, బెదిరిపోయి నోరు మెదపని పిల్లవాడితో కాసేపు మాట్లాడి, వాడి మనసు నేరం జరిగిన రోజు ఎంత పెద్దదో తేల్చాలి. ఫలానా పని తప్పని తెలుసా అంటే ఆరేళ్ల పిల్లవాడు కూడా తెలుసు అంటాడు. గురుగ్రామ్ బడిలో జరిగిన హత్య కేసులో 2022 జులైలో సుప్రీంకోర్టు ఇదే పట్టుకుంది. బోర్డులో పిల్లల మానసిక శాస్త్రం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనంది. మంచిమాటే. కానీ జిల్లా కేంద్రంలో పిల్లల సైకాలజిస్టు దొరకడం ఎంత కష్టమో ఇక్కడ పనిచేసినవాళ్లకే తెలుసు.

పైగా ఆ తలుపు ఎవరి కోసం పెట్టారో, దానిలోంచి పోతున్నది వాళ్లు మాత్రమే కాదు. పిల్లల మీద లైంగిక నేరాలకు పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. అందులో 18 లోపు ఆడపిల్ల సమ్మతికి విలువ లేదు. 2019 సవరణ తర్వాత కనీస శిక్షలు 10 ఏళ్లు, 20 ఏళ్లు అయ్యాయి. అంటే 17 ఏళ్ల పిల్లవాడు, 17 ఏళ్ల పిల్ల ప్రేమించుకుని ఇల్లు వదిలిపోతే, అమ్మాయి తండ్రి కేసు పెడితే, అది ఘోరమైన నేరం గంపలో పడుతుంది. కులాలు వేరైతే ఆ కేసు రాజీకి రావడం కల్ల. నా ముందుకు వచ్చిన ఇట్లాంటి కేసుల్లో అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ ఏడుస్తూ ఒకే మాట చెప్పేవాళ్లు. చట్టం చేసినవాళ్ల మనసులో ఉన్నది వీళ్లు కాదు. అందుకే, 16 దాటితే చాలు ఉరి తీయాలి అని టీవీల్లో అరిచేవాళ్లను చూస్తే నాకు ఆ ఇద్దరూ గుర్తొస్తారు. నిజమైన క్రూరత్వం ఉన్న కేసులూ చూశాను, లేదనను. వాటికి మూడేళ్లు తక్కువే అనిపించిన రోజులున్నాయి. ఈ రెండు రకాలనూ ఒకే అంకె విడదీయలేదు, అదే బాధ.

ఇక మీ మేనల్లుడి సంగతి. బైకు దొంగతనాన్ని మామూలుగా న్యాయ సంహిత 303 కింద పెడతారు, గరిష్ఠం మూడేళ్లు. అంటే చిన్న నేరాల గంప. చిన్న నేరాలకు, తీవ్రమైన నేరాలకు పిల్లవాడి మీద ఎఫ్ఐఆర్ కట్టకుండా జనరల్ డైరీలో రాసుకోవాలని 2016 కేంద్ర నమూనా నిబంధనలు చెప్తాయి. కానీ పెద్దవాడితో కలిసి చేశాడన్నప్పుడు ఎఫ్ఐఆర్ కట్టొచ్చు, ఇక్కడ 22 ఏళ్ల దోస్తు ఉన్నాడు కాబట్టి కట్టి ఉంటారు. భయపడొద్దు. ఎఫ్ఐఆర్ ఒకటే అయినా విచారణ కలిపి జరగదు, ఆ దోస్తుది మామూలు కోర్టు, మీవాడిది బోర్డు. సెక్షన్ 305 గనక పెడితే ఏడేళ్ల దాకా పోయి తీవ్రమైనది అవుతుంది, అప్పుడు కూడా బోర్డు దాటదు. కాగితం మీద ఏ సెక్షన్ ఉందో ముందు అది చూసుకో.

పిల్లవాణ్ని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, 24 గంటల్లో బోర్డు ముందుకు తేవాలి. బోర్డు ఆ రోజు కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచొచ్చు. ప్రతి స్టేషన్లో బాలల సంక్షేమ పోలీసు అధికారి అని ఒకరు ఉండాలి, ఎస్సైని ఆయన ఎవరని అడుగు. గొంతు పెంచకుండా అడుగు, అంతే. వకీలుకు పైసలు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100కు ఫోన్ చెయ్యి. పిల్లల సాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. వాట్సాప్ గ్రూపుల్లో పిల్లవాడి ఫొటో, పేరు ఎవరైనా తిప్పితే ఆపించు, వాడి గుర్తింపు బయటపెట్టడమే నేరం.

బెయిల్ అన్నది ఈ చట్టంలో హక్కులాంటిదే. నాన్ బెయిలబుల్ అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. మూడు కారణాలకే ఆపొచ్చు: బయటికి పోతే నేరస్తుల సావాసంలో పడతాడని, వాడికే ప్రమాదమని, న్యాయం దెబ్బతింటుందని. మొదటి కారణం దగ్గర మీకు ఇబ్బంది రావొచ్చు. ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొచ్చి సామాజిక విచారణ రిపోర్టు రాస్తాడు. పాలమూరు పిల్లల రిపోర్టుల్లో నేను లెక్కలేనన్నిసార్లు చదివిన వాక్యం ఒకటి ఉంది: 'తల్లిదండ్రులు వలసలో ఉన్నారు, పర్యవేక్షణ లేదు'. ఆ ఒక్క వాక్యంతో పిల్లవాడు హైదరాబాద్‌లో హోమ్‌కు పోతాడు, వాణ్ని చూడ్డానికి పోయిరావడానికి కూలి రోజు పోతుందని ఎవరూ పోరు. తల్లిదండ్రులే కానక్కర్లేదు, తగిన మనిషి ఎవరైనా బాధ్యత తీసుకోవచ్చు. మేనమామవు నువ్వు, ఇంట్లో తాత ఉన్నాడు. ఆ ఆఫీసర్ వచ్చే రోజు ఇద్దరూ ఇంట్లో ఉండండి.

విచారణ చివర తప్పు చేశాడని తేలినా మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ లాంటివే మొదట చూస్తారు. చిన్న నేరం కేసు నాలుగు నెలల్లో, మహా అయితే ఇంకో రెండు నెలల్లో తేలకపోతే మూసేయాలని చట్టమే చెప్తుంది. రేపు కానిస్టేబుల్ ఉద్యోగానికి అడ్డమా అని నువ్వు అడగలేదు గానీ, ప్రతి తండ్రీ నన్ను అడిగే ప్రశ్న అదే. పిల్లవాడిగా ఉన్నప్పటి కేసు వల్ల ఏ అనర్హతా రాకూడదని సెక్షన్ 24లో ఉంది, రికార్డు కూడా చెరిపేయాలి. 2019లో కేంద్ర భద్రతా దళం సీఐఎస్ఎఫ్‌లో ఉద్యోగం విషయంలో సుప్రీంకోర్టు ఒక అభ్యర్థి పక్షాన ఇదే చెప్పింది.

బోర్డుకు పోయేటప్పుడు టెన్త్ మెమో అసలు, మొదట చేరిన బడి నుంచి అడ్మిషన్ రిజిస్టర్ నకలు హెడ్మాస్టర్ సంతకం, ముద్రతో, కాలేజీ బోనఫైడ్ తీసుకెళ్లు. ఇంటర్ పరీక్ష ఫీజు కట్టిన రసీదు ఉంటే అదీ పెట్టు, వాడు చదువుతున్నాడన్నది బోర్డుకు కనపడుతుంది. మీ బావను మరుసటి వాయిదాకైనా పుణె నుంచి రమ్మను. రాలేకపోతే, కొడుకు బాధ్యత మామకు అప్పగిస్తున్నానని సంతకం చేసిన కాగితం పంపమను. తాతను మాత్రం మొదటి రోజే వెంట తీసుకెళ్లు. ఎనుకటి జైలు సంగతి మాత్రం అక్కడ ఎత్తొద్దని దారిలోనే చెప్పు.